ఏ వల చేపమ్మే ఇది?

మా జేజి, అంటే నాన్నమ్మ, చేపల గంప ముందు కూర్చుంటే ధర తర్వాత అడిగేది. మొదట అడిగేది "ఏ వల చేపమ్మే ఇది?" అనే. దానికి జవాబు వచ్చాకే ఆమె చెయ్యి గంపలోకి పోయేది.

గంప దించిన అవ్వకు కూడా ఆ అలవాటు తెలుసు. తలమీద గుడ్డ చుట్ట తీసి మొహం తుడుచుకుంటూ, "అలివి వలక్కా, పొద్దున్నే లాగినారు, చూడు ఇంకా మెరస్తానే ఉండాయి" అనేది. ఒక్కోరోజు "తంగూసు వలక్కా, రాత్రి వేసి తెల్లారి ఎత్తినారు" అనేది. అప్పుడప్పుడు మాత్రం గొంతు తగ్గించి "బోటు చేపక్కా ఇయ్యాళ" అని ఉన్న మాట చెప్పేది. అలివి వల ఒడ్డు మీంచి లాగేది, తంగూసు వల నైలాను దారంతో అల్లింది, బోటంటే మర బోటు. బోటు చేప వచ్చిన రోజు జేజి పచ్చి చేప ముట్టేది కాదు. అట్లాగని అవ్వను వట్టి చేతులతో పంపేదీ కాదు. చెంబుడు మజ్జిగ ఇచ్చి, గంప అడుగున మూట కట్టుకుని తెచ్చిన ఎండు నెత్తళ్ళు శేరు కొనేది.

ఇదంతా రుచి కోసమే అనుకునేవాణ్ణి. జేజికి కూడా మొదట్లో రుచే కారణం అయివుంటుంది. బోటు చేప రెండు మూడు రోజులు ఐసులో ఉండి వస్తుంది, కింద ఉన్నది పైదాని బరువుకు నలిగిపోతుంది, పులుసులో వేస్తే విడిపోతుంది. అలివి వల చేప పొద్దున సముద్రంలో ఉంటే మధ్యాహ్నానికి మా చట్టిలో ఉండేది.

చేపను చూడటం నాకు నేర్పింది జేజే. మొప్ప ఎత్తి చూడాలి, రక్తంలా ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే పక్కన పెట్టెయ్యాలి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి, లోపలికి కుంగిపోకూడదు. బొటనవేలితో వెన్ను మీద నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. రొయ్యకు తల గట్టిగా అతుక్కుని ఉండాలి. పీతను మాత్రం కళ్ళతో కాకుండా చేత్తో కొనేది, అరచేతిలో పెట్టుకుని బరువు చూసి. పౌర్ణమికి పీత గుల్లగా ఉంటుందని, అమావాస్యకు కండ పడుతుందని ఆమె నమ్మకం. ఇక వాసన. తాజా చేపకు నీచు వాసన ఉండదురా, సముద్రం వాసనే ఉంటుంది అనేది. ఆ మాట నాకు మైపాడు పోయిన రోజు గానీ అర్థం కాలేదు.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పక్కన చిన్న ఊరు. మైపాడు ఒడ్డుకు నాన్న సైకిలు మీద పోయేవాళ్ళం. ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారేజీ మీద జేజి, హ్యాండిలుకు వెదురు బుట్ట. ఊరు దాటినాక వరి పొలాలు, తర్వాత ఉప్పు గాలి, తర్వాత బకింగ్‌హాం కాలవ. మా వైపు అందరూ దాన్ని ఉప్పు కాలవ అనే అంటారు. కాలవ దాటితే సరుగుడు తోపుల హోరు, దాని వెనక సముద్రం హోరు. రెండూ ఒకే గొంతులా వినిపించేవి.

అక్కడ మొదటిసారి అలివి వల లాగడం చూశాను. ఒక నావ వలను వేసుకుంటూ సముద్రంలోకి పోయి, అర్ధచంద్రంలా తిరిగి మళ్ళీ ఒడ్డుకు వస్తుంది. రెండు కొసల తాళ్ళు ఒడ్డు మీదే ఉంటాయి. ఒక్కో తాడుకు పదిహేను ఇరవై మంది, నడుముకు గుడ్డ కట్టుకుని, మడమలు ఇసకలో దిగేసి వెనక్కి వెనక్కి నడుస్తా లాగుతారు. ఒకాయన పాట అందుకుంటే మిగతావాళ్ళు ఊపు అందుకుంటారు. గంట పడుతుంది, రెండు గంటలు కూడా పడుతుంది. రెండు వరసలూ మెల్లగా దగ్గరవుతా వస్తాయి. చివరకు అలల్లో ఒక సంచి తేలుతుంది, దాని మీద పక్షులు మూగుతాయి, అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న ఆడవాళ్ళు బుట్టలు తీసుకుని ఒక్కసారిగా లేస్తారు.

సంచి విప్పితే ఇసక మీద వెండి పోసినట్టు ఉంది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, నాలుగు చందువలు, ఒక మాగ, నడిచిపోయే పీతలు. పిల్లలు కూడా తాడు పట్టుకుంటే దోసెడు చేపలు ఇచ్చేవాళ్ళు. నేనూ పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నా దోసెడు నెత్తళ్ళు నేనే మోసుకొచ్చి అమ్మ చేతిలో పోశాను. అంత గర్వం ఆ తర్వాత మొదటి జీతం తెచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆ వల పరమ పవిత్రమని చెప్పను. సంచి దగ్గర దాని కన్ను సన్నగానే ఉంటుంది, అందులోనూ చేప పిల్లలు పడతాయి, చస్తాయి. కానీ దాన్ని లాగేది మనిషి నడుము. రోజుకు ఒకసారో రెండుసార్లో. గాలి తిరిగితే ఆరోజు వల లేదు, అల పెద్దదైతే లేదు. చేపకు దొరికిన విరామం అంతా మనిషి అలసటలోంచి, సముద్రం కోపంలోంచి వచ్చినదే.

ఒడ్డు మీద చిన్న గంగమ్మ గుడిలో గోడకు ఒక రంపం వేలాడదీసి ఉండేది. నా ఎత్తుకు కాస్త తక్కువ, రెండు వైపులా పళ్ళు. వడ్రంగిది అనుకున్నాను. అది చేప ముక్కు అని అవ్వ చెబితే నమ్మలేదు. రంపపు చేప అంట, వాళ్ళ మామ కాలంలో వలకు పడిందంట. నేను ఆ చేపను ఎప్పుడూ చూడలేదు, మా ఈడు జాలర్లూ చూశామని చెప్పలేదు. 2001లో ప్రభుత్వం దాన్ని పులితో సమానంగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. అంత పొడుగు రంపం ఉన్న చేప ఏ వలకైనా చిక్కుకుంటుంది, పైగా పిల్లల్ని కొద్దిగానే కంటుంది. అందుకే ముందుగా తరిగిపోయింది.

1990ల మొదట్లో మా వైపు రొయ్యల కాలం వచ్చింది. వరి పొలాలు చెరువులయ్యాయి. ఎకరాలకు ఎకరాలు టైగర్ రొయ్య. చెరువుల్లో వేయడానికి పిల్ల కావాలి. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు ఇంకా చాలినన్ని లేవు. ఆ పిల్ల ఉప్పు కాలవలో, పెన్న అలివి (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర కయ్యల్లో దొరికేది. పిల్ల లెక్కన డబ్బులు ఇస్తారని తెలిసి ఊరి పిల్లకాయలమంతా దోమతెర గుడ్డ కట్టెలకు కట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి దిగాం. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

ఒక్కసారి గుడ్డ ఎత్తితే అందులో వందల ప్రాణాలు ఉండేవి. కంటికి ఆనీ ఆనని చేప పిల్లలు, పీత పిల్లలు, ఇంకా పేరు తెలియని ఎన్నో. మాకు కావలసింది ఒంటి పొడుగునా గోధుమ రంగు గీత ఉన్న సన్నటి పోగులాంటి టైగర్ పిల్ల. దాన్ని గవ్వ చిప్పతో ఎత్తి గిన్నెలో వేసుకునేవాళ్ళం. మిగతాదంతా గట్టు మీద విదిలించేవాళ్ళం. మళ్ళీ నీళ్ళలోకి వదలాలన్న ఆలోచన కూడా రాలేదు, వదిలితే మళ్ళీ గుడ్డలోకే వస్తాయని విసుగు.

ఒక సాయంత్రం జేజి నన్ను వెతుక్కుంటూ కాలవ గట్టుకు వచ్చింది. ఆమె పాదాల కింద గట్టు తడిసి మెరుస్తోంది. వంగి వేలితో తీసి చూసింది. కళ్ళు సరిగా ఆనక చెయ్యి మొహం దగ్గరకు పెట్టుకుంది. "కొయ్యింగ పిల్లలు కదరా ఇవి?" అంది. నేను గిన్నె చూపించి ఎన్ని పట్టానో చెప్పాను. ఆమె గిన్నె వైపు చూడలేదు. "ఇన్ని చంపితే రేపు ఆ అవ్వ గంపలో ఏం తెస్తాది?" అని, ఇంకేం అనకుండా ఇంటి దారి పట్టింది. ఆరోజు నన్ను కొట్టివుంటే మర్చిపోయేవాణ్ణేమో. ముప్పై ఏళ్ళు దాటాయి, ఆ మాట చెవిలో అట్లాగే ఉంది.

1994లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. రాత్రికి బాగున్న చెరువు తెల్లారేసరికి గట్టు వెంబడి చచ్చిన రొయ్య. అప్పులు చేసిన ఇళ్ళు ఎన్ని కుదేలయ్యాయో మా మండలంలో అందరికీ తెలుసు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో వాటి కోసం ప్రత్యేక చట్టం, 2009 నుంచి వనామి అనే కొత్త రకం రొయ్య. వనామి పిల్ల హేచరీల్లోనే పుడుతుంది, కాలవలో దోమతెరలు వేయాల్సిన పని లేదు. ఆ ఒక్కటి మంచి జరిగింది. కానీ చెరువు పక్క ఊళ్ళలో తాగే నీళ్ళు ఉప్పబడ్డాయి. మా ఇంటి బావి నీళ్ళతో చేసిన టీ ఎట్లా ఉంటుందో మా బంధువులను అడిగితే చెబుతారు.

బోటు చేప సంగతి నాకు సరిగ్గా తెలిసింది ఇంటర్‌లో. నా క్లాసుమేటు వాళ్ళ అన్న బోటు మీద పనికి పోయేవాడు. సెలవులకు వచ్చినప్పుడు ఇసకలో గీసి చూపించాడు. వల నోరు తెరుచుకుని ఉండటానికి రెండు పక్కలా బరువైన పలకలు ఉంటాయి. అడుగు తాడుకు గొలుసు ఉంటుంది. బోటు లాగుతుంటే ఆ పలకలు, ఆ గొలుసు సముద్రం అడుగును దున్నుకుంటూ పోతాయి. రొయ్య బురదలో ఉంటుంది కాబట్టి అడుగును కదిలిస్తేనే పైకి లేస్తుంది. దాంతోపాటు అడుగున ఉన్న గవ్వలు, పీతలు, నాచు, గుడ్లు, పిల్లలు అన్నీ సంచిలోకి పోతాయి. రెండు మూడు గంటలు లాగి సంచి ఎత్తి డెక్ మీద కుమ్మరిస్తారు. రొయ్య ఒక పక్కకు, పెద్ద చేప ఒక పక్కకు, మిగిలిన పెద్ద కుప్ప ఇంకో పక్కకు. ఆ కుప్ప ఎండి కోళ్ళ దాణాలోకి, చేపల మేతలోకి పోతుంది. "అందులో వంజరం పిల్లలు కూడా ఉంటాయి, వేలెడు ఉంటాయి" అన్నాడు. కిలో రెండు కిలోలు పెరిగి పులుసులో పడాల్సిన చేప వేలెడున్నప్పుడే దాణా అయిపోతుందంటే నాకు దిగులేసింది.

1994లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద మర బోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదు. ఆ మేర చిన్న నావల వాళ్ళది. కాగితం మీద గీత చక్కగా ఉంది, నీళ్ళ మీద గీత ఉండదు కదా. రాత్రిపూట ఒడ్డు మీద కూర్చుంటే బోట్ల దీపాలు ఎంత దగ్గరగా వస్తాయో జాలర్ల పాలెంలో ఎవరైనా చూపిస్తారు. తెల్లారి తంగూసు వలలు తెగిపోయి కనిపిస్తాయి. ఒక వల పోతే ఆ ఇంట్లో ఎన్ని నెలల సంపాదన పోతుందో అవ్వ కొడుకు చెప్పగా విన్నాను. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. బోటు మీద కూలికి పోయేవాడి అవసరం కూడా అర్థమవుతుంది. ఆ క్లాసుమేటు వాళ్ళ అన్న డబ్బులతోనే వాళ్ళ చెల్లెలి పెళ్ళి జరిగింది.

సంక్రాంతి దాటినాక ఒడ్డుకు తాబేళ్ళు వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు, గుడ్లు పెట్టడానికి. బతికినవి రాత్రి వచ్చి రాత్రే పోతాయి, మనకు కనిపించేది ఇసకలో వాటి జాడే. పగలు కనిపించేవి చచ్చినవి. తాబేలు నీళ్ళలో ఉన్నా గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. గంటల తరబడి లాగే వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక పోతుంది. పాలెంలో దాన్ని దేవుడి అవతారమంటారు. అవ్వ ఒకసారి ఒక తాబేలు డొప్ప మీద పసుపు కుంకుమ పెట్టి, మనవళ్ళ చేత గుంట తవ్వించి పూడ్పించడం నేను చూశాను. వలలో కమ్మీల చట్రం ఒకటి పెడితే తాబేలు పక్కనున్న సందులోంచి బయటపడుతుంది, రొయ్య సంచిలోకి పోతుంది. ఆ చట్రాలు వాడటం లేదన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను కొనడం ఆపేసింది. చెరువు రొయ్య మాత్రం పోతూనే ఉంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అవ్వ వాళ్ళ నావ సరుగుడు తోపులో దొరికింది, రెండు ముక్కలై. మనుషులు దక్కారు. ఆ తర్వాత సాయంగా ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాయి. చెక్క నావలు, తెప్పలు మెల్లగా ఒడ్డు మీదే ఎండిపోయాయి. అలివి వల లాగడానికి నలభై మంది దొరకడం కష్టమైంది. కుర్రాళ్ళు చదువులకు, చెన్నై పనులకు పోయారు. పోవడం మంచిదే, ఆ బొబ్బలు నేను ఒక్కరోజు చూశాను, వాళ్ళు బతుకంతా చూశారు.

జేజి చివరి సంవత్సరాల్లో వేట నిషేధం గురించి రేడియోలో వింటే సంతోషపడేది. అప్పట్లో అది నెలన్నరే. 2015 నుంచి మన తూర్పు తీరానికి 61 రోజులు చేశారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఇంజను ఉన్న ఏ పడవా పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలు పాలెంలో పొయ్యి వెలగాలి కాబట్టి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019 నుంచి 10,000, 2025లో 20,000 చేశారు. జేజికి మాత్రం నిషేధం కొత్త మాట కాదు. ఎండాకాలంలో మా ఇంట్లో ఎండు చేపే. మాఘంలో కొని, ఎండబెట్టి, కుండలో వేపాకు వేసి దాచిన నెత్తళ్ళు. పచ్చి మామిడికాయ ముక్కలతో వండితే ఇల్లంతా ఆ వాసనే. ఒక్క విషయంలో మాత్రం ఆమెను తప్పుపట్టాలి, నన్నూ. చేప కడుపులో జన, అంటే గుడ్లు, ఉందంటే ఇద్దరం పొంగిపోయేవాళ్ళం. మాగ జన వేపుడు కోసం పీట ముందు నుంచి లేచేవాణ్ణి కాదు. ఇప్పుడు కూడా దాని రుచి తలుచుకుంటే నోరూరుతుంది, దాంతోపాటు మనసులో ఏదో గుచ్చుకుంటుంది.

ఇప్పుడు నేను నెల్లూరు టౌనులో ఉంటున్నాను. అన్ని రోజులూ అన్ని చేపలూ దొరుకుతాయి. మేలో కూడా వంజరం, జూన్‌లో కూడా చందువ, ఎక్కడిదో ఎప్పటిదో. 2018లో చేప కుళ్ళకుండా కలిపే ఫార్మలిన్ మందు గొడవ వచ్చి, అస్సాం మన రాష్ట్రపు చేపను కొన్నాళ్ళు నిషేధించినప్పుడు అందరూ మందు కలిపారా లేదా అని టెన్షన్ పడ్డారు. పడాల్సిందే. మొప్ప రంగు తగ్గినా చేప బిరుసుగా ఉండి, వాసనే లేకుండా, ఈగ కూడా వాలకుండా ఉంటే నేను ముట్టను. కానీ ఆ చేప ఎట్లా పట్టారని, ఎంత ఈడులో పట్టారని అడిగినవాళ్ళు నాకు కనిపించలేదు.

పోయిన నెల ఆదివారం పాపను తీసుకుని మైపాడు పోయాను. అవ్వ లేదు, ఆమె మనవరాలు అమ్ముతోంది. గంప పోయి ప్లాస్టిక్ ట్రే వచ్చింది, పక్కన ఐసు డబ్బా. ట్రే నిండా చందువలు. ఒక్కోటి పాప అరచేతిలో ఇమిడిపోతుంది. నిగనిగలాడుతున్నాయి, మొప్ప ఎర్రగా ఉంది, తాజాదనానికి వంక లేదు. వాటి పక్కన చిన్న కానాగంతలు. కేరళలో అయితే 14 సెంటీమీటర్లకు తక్కువున్న కానాగంతను పట్టకూడదు, అమ్మకూడదు. పాప తన పెన్సిలు బాక్సులోని స్కేలు తీసి పెట్టింది. 11 వచ్చింది.

"ఏ వల చేపమ్మా ఇది?" అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి జేజి గొంతుతోనే వచ్చింది.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "మా అవ్వ చెప్పేది, ఒకావిడ అట్లనే అడిగేదని. మీరు ఆళ్ళా?" అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది వొద్దులే అన్నా, బోటుది. ఎవురూ అడగరని తెచ్చినా. మా ఆయన గాలానికి పోతాడు, వారంలో రెండు దినాలు. పడితే ఫోన్ చేస్తా, నంబరియ్యి" అంది.

నంబరిచ్చి, ఎండు నెత్తళ్ళు అరకిలో కొని ఇంటికి వచ్చాం. మధ్యాహ్నం పప్పు, నెత్తళ్ళు. చేపలకని పోయి పప్పు తినిపిస్తావా అని మా ఆవిడ అంది, పాప మాత్రం స్కేలు సంగతి చెబుతూ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

మూడో రోజు తెల్లవారుజామున ఫోన్ మోగింది. వెనక అలల హోరు. "అన్నా, వంజరం. గాలానికే. నాలుగు కిలోలుంటాది. వొస్తారా?" అంది.

పాపను లేపాను.